బ్యాండ్ సా సెట్టింగ్: ఏది ముందు, ఏది తర్వాత, తప్పు ఎక్కడ

"అన్నా, బ్లేడు ఒక దిక్కే గుంజుతున్నది. గైడ్లు ఎంత బిర్రుగా బిగించినా ఆగుతలేదు."

ఇంట్లో పని కోసం బ్యాండ్ సా (రెండు చక్రాల మీద చుట్టూ తిరిగే పట్టీ బ్లేడుతో చెక్క కోసే మిషన్) కొన్నవాళ్ళు ఫోన్ చేసి చెప్పే మొదటి మాట దాదాపు ఇదే. నేను తిరిగి అడిగేదీ ఒకటే: "గైడ్లు బిగించే ముందు చక్రాలు చూసినవా తమ్మీ?" చాలామంది చూసి ఉండరు.

బ్లేడును నడిపేవి చక్రాలు. చెక్క ఒత్తిడి పడ్డప్పుడు బ్లేడు పక్కకు, వెనక్కు పోకుండా ఆసరా ఇచ్చేవి గైడ్లు. చక్రాల టైర్లు, టెన్షన్ (బ్లేడు బిగువు), ట్రాకింగ్ (చక్రం మీద బ్లేడు నడిచే చోటు) కుదరకుండా గైడ్లు బిగిస్తే వంకర పోదు, పైగా బ్లేడు వేడెక్కి తెగుతుంది. అందుకే ఇక్కడ గైడ్లు 9వ అంచెలో గాని రావు. అంతకు ముందున్నవి దాటవేయకుండా వరసగా చేయండి.

ఉదాహరణలకు 14 అంగుళాల చక్రమున్న మిషన్‌ను తీసుకుంటున్నాను. నల్లగొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్నది అదే. మీది 10 అంగుళాలదైనా, 12దైనా వరస మారదు.

1. మిషన్‌ను ముట్టుకునే ముందు

ప్లగ్ పీకండి. స్విచ్ బందు చేస్తే చాలదు. పీకిన ప్లగ్ మీ కళ్ళ ముందు, బల్ల మీద ఉండాలి.

"ఎట్లాగూ కరెంటు లేదు కదా" అని కరెంటు పోయినప్పుడు చేయి పెట్టేవాళ్ళను చూశాను. స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతే కరెంటు రాగానే చక్రం తిరుగుతుంది. కరెంటు పోయి వచ్చినా మళ్ళీ బటన్ నొక్కితేనే నడిచే రకం స్విచ్ దొరుకుతుంది, ముందు అది పెట్టించుకోండి.

భుజం మీది తువ్వాల తీసి పక్కన పెట్టండి. లుంగీతో మిషన్ దగ్గరికి రావద్దు. మణికట్టుకు కట్టుకున్న దారాలు, కడియాలు, ఉంగరాలు తీసేయండి. చుట్ట చుట్టిన బ్లేడు విప్పేటప్పుడు తోలు గ్లౌజులు మంచివే. మిషన్ నడిచేటప్పుడు మాత్రం గ్లౌజులు వద్దే వద్దు, బ్లేడు పన్ను పట్టుకుంటే చేతిని లోపలికి లాగుతుంది.

దగ్గర పెట్టుకోవలసినవి:

☐ పానాలు, అలెన్ కీలు
☐ 90 డిగ్రీల మూలమట్టం. చిన్నదైతే నయం
☐ తిన్నని పొడుగాటి పట్టీ. అల్యూమినియం కిటికీలు చేసే దుకాణంలో మిగిలిన నలుచదరపు గొట్టం ముక్క సరిపోతుంది, 3 అడుగులుంటే చాలు
☐ గట్టి నైలాన్ బ్రష్, పాత బట్ట, కొద్దిగా కిరోసిన్
☐ జిరాక్స్ కాగితం, సుద్దముక్క, పెన్సిల్
☐ కళ్ళద్దాలు, మాస్కు. టేకు, వేప పొట్టు గొంతులో పడితే ఆ రోజంతా దగ్గే

2. చక్రాలు తుడవడం, టైర్లు చూడడం

రెండు డోర్లూ తెరిచి బ్లేడు తీసేయండి. గైడ్లన్నీ వెనక్కి జరపండి.

చక్రం అంచు మీద రబ్బరు టైరు ఉంటుంది. చాలా మిషన్లలో అది నడుమ కొద్దిగా ఉబ్బి, రెండంచుల దిక్కు వాలుగా ఉంటుంది. బ్లేడు చక్రం మీద నిలబడేది ఆ ఉబ్బు వల్లనే. పచ్చి చెక్క కోసినప్పుడు పొట్టు, జిగురు కలిసి టైరు మీద రొట్టెలా అతుక్కుంటాయి. దాంతో ఉబ్బు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. బ్లేడు ముందుకీ వెనక్కీ ఊగడానికి సగం కారణాలు ఇక్కడే ఉంటాయి.

చక్రాన్ని చేత్తో తిప్పుతూ బ్రష్ ఆనించండి. జిగురు మొండిగా ఉంటే బట్టకు చుక్క కిరోసిన్ అద్ది తుడిచి, వెంటనే పొడి బట్టతో తుడవండి. కిరోసిన్ రబ్బరు మీద నిలవకూడదు.

తర్వాత బొటనవేలి గోరు టైరులో నొక్కండి. గోరు దిగి, తీయగానే గుర్తు పోతే రబ్బరు బాగుంది. గోరు దిగకపోయినా, సన్నటి బీటలు కనిపించినా టైరు పని అయిపోయింది. మా దగ్గర మే నెలలో రేకుల కింద ఉండే వేడికి రబ్బరు తొందరగా గట్టిపడుతుంది. మిషన్‌ను షెడ్డులో పడమటి గోడకు ఆనించి పెట్టకండి.

కొత్త టైరు చక్రం కంటే కొంచెం చిన్నగా వస్తుంది. యూరెథేన్ టైరైతే వేడినీళ్ళలో కొన్ని నిమిషాలు నానబెట్టి, మెత్తబడ్డాక ఒకవైపు క్లాంపుతో పట్టి, సైకిలు టైరు ఎక్కించినట్టే ఎక్కించాలి.

3. రెండు చక్రాలు ఒకే తలంలో ఉన్నాయా

ఇది ఒక్కటి మాత్రం బ్లేడు ఎక్కించి, టెన్షన్ ఇచ్చాక చూడాలి, అంటే 5, 6 అంచెలు చేసి ఇక్కడికి తిరిగి రండి. వదులుగా ఉన్నప్పుడు చూస్తే లెక్క తప్పుతుంది, టెన్షన్ పడగానే పై చక్రం కొద్దిగా వంగుతుంది కాబట్టి.

పట్టీని నిలువుగా పెట్టి పై చక్రం అంచుకు రెండుచోట్ల, కింది చక్రం అంచుకు రెండుచోట్ల ఆనించండి. బల్ల అడ్డం వస్తే తీసేయక తప్పదు. నాలుగుచోట్లా తాకితే ఏమీ చేయనక్కర లేదు. 1 మి.మీ. లోపు తేడా ఉన్నా వదిలేయండి. ఉబ్బు టైరున్న మిషన్ ఆ మాత్రం తేడాను ట్రాకింగ్‌తోనే సర్దుకుంటుంది.

అంతకు మించితే, లోపలికి ఉన్న చక్రం వెనక, ఇరుసు మీద పలుచటి వాషర్ వేయాలి. ఒక్కసారికి ఒక్క వాషరే వేసి మళ్ళీ చూడండి. బాగా నడుస్తున్న మిషన్‌లో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

4. పనికి తగ్గ బ్లేడు

సెట్టింగ్ ఎంత బాగున్నా తప్పు బ్లేడుతో మంచి కోత రాదు. చూడవలసినవి వెడల్పు, పండ్ల సంఖ్య, పొడవు.

వెడల్పును బట్టి బ్లేడు ఎంత చిన్న వంపు తిరగగలదో తేలుతుంది. సుమారు లెక్క ఇది:

- 3 మి.మీ. బ్లేడు: 5 మి.మీ. వ్యాసార్థం దాకా
- 6 మి.మీ.: 16 మి.మీ. దాకా
- 10 మి.మీ.: 37 మి.మీ. దాకా
- 12 మి.మీ.: 64 మి.మీ. దాకా

మగ్గం నాడె కొసలు, కుర్చీ చేతుల వంపులు వంటి వాటికి 6 మి.మీ. సరిపోతుంది. తిన్నగా కోయడానికీ, మందపాటి పలకను నిలబెట్టి పలుచగా చీల్చడానికీ 12 లేదా 16 మి.మీ. కావాలి. ఇంట్లో రెండు బ్లేడులే ఉంచుకోదలిస్తే 6, 12 తీసుకోండి.

పండ్లను అంగుళానికి ఇన్ని అని లెక్కిస్తారు. కోసేటప్పుడు కనీసం 3 పండ్లు చెక్కలో ఉండాలి. అంగుళం పలకకు 6 పండ్లు బాగుంటాయి. 6 అంగుళాల ఎత్తు చీల్చాలంటే 3 పండ్ల బ్లేడే కావాలి. సన్నపండ్లతో నున్నటి కోత వస్తుందని ఎత్తు చెక్కకు 10 పండ్ల బ్లేడు వేస్తే, పండ్ల మధ్య గుంటలు పొట్టుతో నిండిపోతాయి. పొట్టు బయటికి పోయే తొవ్వ లేక బ్లేడు చెక్కలో పక్కకు తిరుగుతుంది, కోత నల్లగా మాడుతుంది. తుమ్మ, చింత వంటి గట్టి కర్రలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

పొడవు పాత బ్లేడు కొలిచి చెప్పవచ్చు. అది లేకపోతే టెన్షన్ నాబ్‌ను సగం దాకా తిప్పి ఉంచి, చక్రాల నడిమి బిందువుల మధ్య దూరం కొలవండి. దాన్ని రెండింతలు చేసి, చక్రం చుట్టుకొలత కలపండి. 14 అంగుళాల చక్రం చుట్టుకొలత 1,117 మి.మీ., మధ్య దూరం 629 మి.మీ. అయితే బ్లేడు 1,258 + 1,117 = 2,375 మి.మీ.

బ్లేడు అతుకు వేయించి తెచ్చుకుంటే దుకాణంలోనే అతుకు మీద వేలు రాసి చూడండి. వెనక అంచు తిన్నగా ఉందా, పక్కన ఉబ్బు అరగదీశారా చూడాలి. నేను ఒకసారి చూడకుండా మూడు బ్లేడులు తెచ్చుకున్నాను. మూడింటికీ అతుకు దగ్గర వెనక అంచు ముక్కాలు మిల్లీమీటరు మెట్టులా ఉంది. వెనక బేరింగ్‌ను ప్రతి చుట్టుకూ ఆ మెట్టు కొట్టింది. మొదటి బ్లేడు గంటలోపే తెగింది. మిగతా రెండింటిని ఆకురాయితో సరిచేసి వాడుకున్నాను.

5. బ్లేడు ఎక్కించడం

పండ్లు మీ దిక్కు, కొసలు కిందికి చూడాలి. ఎట్లా తిప్పినా కొసలు పైకే చూస్తుంటే బ్లేడు లోపలిది బయటికి తిరిగి ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చొక్కా తిరగేసినట్టు తిరగేయండి. కొత్తవాళ్ళు చాలామంది "తప్పు బ్లేడు ఇచ్చిండు" అని వాపసు తీసుకుపోయేది దీనికే.

బల్ల చీలికలోంచి దూర్చి, ముందు పై చక్రం మీద, తర్వాత కింది చక్రం మీద వేయండి. గైడ్లు ఇంకా వెనకే ఉండాలి. చేత్తో బ్లేడును టైరు నడుమకు జరిపి, జారిపోకుండా నిలబడేంత టెన్షన్ మాత్రం ఇవ్వండి.

6. టెన్షన్

చిన్న మిషన్లలో వెనక ఉండే టెన్షన్ స్కేలును నేను నమ్మను. స్ప్రింగు పాతబడేకొద్దీ అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రెండు పద్ధతులు చెబుతాను, రెండూ చేసి చూడండి.

మొదటిది వేలితో. పై గైడును బల్లకు 150 మి.మీ. ఎత్తున పెట్టి, ప్లగ్ పీకే ఉందని చూసుకుని, బ్లేడు పక్కను నడుమ ఒక వేలితో ఓ మోస్తరుగా నొక్కండి. 6 మి.మీ. దాకా లోపలికి పోతే సరి. అంతకంటే ఎక్కువ పోతే వదులు. అస్సలు కదలకపోతే మరీ బిర్రు, దానివల్ల ఇరుసు, బేరింగులు దెబ్బతింటాయి.

రెండోది కంటితో. ఇది ట్రాకింగ్ అయ్యాక చేయాలి. గైడ్లు వెనక్కే ఉంచి, డోర్లు రెండూ మూసి, చెక్క లేకుండా మిషన్ నడపండి. బ్లేడును ఎదురుగా చూస్తూ టెన్షన్ కొద్దికొద్దిగా తగ్గించండి. ఒకచోటికి రాగానే అంతదాకా గీతలా కనిపించిన బ్లేడు వణుకుతున్న తీగలా రెండుగా కనిపిస్తుంది. అక్కడ ఆగి, వణుకు పోయేదాకా తిరిగి బిగించండి. దాని మీద నాబ్‌ను ఇంకో పావు చుట్టు తిప్పండి. 6, 10 మి.మీ. బ్లేడులకు ఇది బాగా పనిచేస్తుంది. చీల్చే పనికి వేసే వెడల్పు బ్లేడుకు ఇంకొంచెం ఎక్కువ కావాలి.

7. ట్రాకింగ్

ట్రాకింగ్ నాబ్ పై చక్రాన్ని ముందుకీ వెనక్కీ వాలుస్తుంది. చక్రం పైభాగం వెనక్కి వాలితే బ్లేడు వెనక్కి, ముందుకు వాలితే ముందుకు నడుస్తుంది.

పై చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో నాబ్‌ను చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి ఆగండి. చక్రం నాలుగైదు చుట్లు తిరిగాకే బ్లేడు తన చోటు తెలుపుతుంది. ఇక్కడ తొందరపడి నాబ్ తిప్పుతూ పోతే బ్లేడు జారి కింద పడుతుంది.

సన్న బ్లేడు టైరు నడుమ ఉండాలి. 12 మి.మీ., అంతకంటే వెడల్పు బ్లేడుకు పండ్ల మధ్య గుంటలు టైరు ఉబ్బు మీదికి వచ్చేలా పెడతాను. అట్లా పెట్టినప్పటి నుంచి ఫెన్స్‌తో (చెక్కను ఆనించి తిన్నగా తోయడానికి బల్ల మీద బిగించే పట్టీ) కోసేటప్పుడు గుంజుడు బాగా తగ్గింది.

పది పదిహేను చుట్లు చేత్తో తిప్పినా బ్లేడు కదలకపోతే లాక్ నట్ బిగించండి. బిగించేటప్పుడు నాబ్ కొంచెం తిరుగుతుంది, మళ్ళీ చూసుకోవాలి. తర్వాత డోర్లు మూసి, ప్లగ్ పెట్టి, స్విచ్ వేసి వెంటనే తీసేయండి. బాగుంటే నిమిషంసేపు నడపండి. చక్రాలను మోసే స్తంభం ఎడమ దిక్కు ఉన్న మిషన్‌లో బ్లేడు తెగితే కుడి దిక్కుకు వచ్చే ప్రమాదం ఉంది. ఆ పక్క ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, నిలబడనివ్వకండి.

8. బల్లను సరిచేయడం

మూలమట్టాన్ని బల్ల మీద పెట్టి బ్లేడు పక్కకు ఆనించండి. పండ్లకు కాదు, పండ్ల వెనక ఉన్న చదును భాగానికి. పండ్లు ఒకటి అటు, ఒకటి ఇటు వంచి ఉంటాయి, వాటికి ఆనిస్తే కొలత తప్పు. వెలుతురు సందు కనిపించనంత వరకు బల్ల వాలు మార్చి, కింది స్టాప్ బోల్టును అక్కడే లాక్ చేయండి.

మూలమట్టం మీద అనుమానం ఉంటే ఇట్లా చూడవచ్చు. రెండు అంగుళాల మందం చెక్కలో అర అంగుళం లోతు కోయండి. మిషన్ బందు చేసి, ఆ ముక్కను తలకిందులు చేసి, బ్లేడు వెనక నుంచి కోత సందును బ్లేడు వెనక అంచుకు ఎక్కించండి. ఆటంకం లేకుండా దూరితే బల్ల 90 డిగ్రీలే. పక్కన తగిలితే, మీకు కనిపించే తేడాలో సగమే బల్లకున్న తప్పు.

9. ఇప్పుడు గైడ్లు

పై గైడు, కింది గైడు రెండింటికీ ఇదే వరస.

ముందు గైడు మొత్తాన్ని జరిపి, పక్క గైడ్ల ముందు అంచు పండ్ల మధ్య గుంటలకు 1 మి.మీ. వెనక ఉండేలా పెట్టండి. పండ్లు గైడులోకి పోతే వాటి వంపు అరిగి, బ్లేడు ఒక్క నిమిషంలో పాడవుతుంది.

తర్వాత పక్క సందు. మామూలు జిరాక్స్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఒక పట్టీ కత్తిరించి బ్లేడుకు ఒక పక్క, ఇంకో పట్టీ రెండో పక్క పెట్టి గైడ్లను మెల్లగా దగ్గరికి తెచ్చి బిగించండి. కాగితాన్ని లాగితే కొద్దిగా పట్టి రావాలి, చిరగకూడదు. ఈ పని చేసేటప్పుడు బ్లేడు ఏ దిక్కుకూ వంగకుండా చూడండి. ఒక పక్క గైడు బ్లేడును తోసి రెండో గైడుకు ఆనించడమే అందరూ చేసే తప్పు.

చివరికి వెనక బేరింగ్. అదే కాగితాన్ని రెండుసార్లు మడవండి, నాలుగు పొరలు, 0.4 మి.మీ. అవుతుంది. బ్లేడు వెనక అంచుకూ బేరింగ్‌కూ మధ్య ఆ సందు ఉంచండి. మిషన్ ఖాళీగా తిరిగేటప్పుడు ఈ బేరింగ్ కదలకూడదు. చెక్క తోసినప్పుడే తిరగాలి. ఎప్పుడూ తిరుగుతుంటే బ్లేడు వెనక అంచు దానికి రాసుకుని గట్టిపడి, సన్నటి బీటలు పడతాయి.

☐ చక్రం చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పితే ఎక్కడా పట్టడం లేదు
☐ అతుకు దాటేటప్పుడు కూడా సందు ఉంది
☐ పై గైడు స్తంభాన్ని పైకీ కిందికీ జరిపినా సందు మారడం లేదు
☐ కింది గైడు కూడా చేశాను

మూడోది తప్పితే స్తంభం బ్లేడుకు సమాంతరంగా లేదు. సరిచేసే బోల్టులు లేని మిషన్‌లో ఒకటే దారి: కోయబోయే ఎత్తుకు స్తంభం దించి, అక్కడ గైడ్లు పెట్టుకోండి. నాలుగోది మరిచిపోనివాళ్ళు తక్కువ. బల్ల కింద చీకట్లో ఉంటుంది కాబట్టి మొబైల్ లైటు వేసి చూడండి.

కోసేటప్పుడు పై గైడు చెక్కకు 5, 6 మి.మీ. మాత్రమే పైన ఉండాలి.

10. ఫెన్స్

300 మి.మీ. పలక మీద అంచుకు సమాంతరంగా గీత గీసి, ఫెన్స్ లేకుండా చేత్తోనే గీత వెంట కోయండి. సగం పోయాక, పలకను కదలనివ్వకుండా పట్టుకుని మిషన్ బందు చేయండి. గీత తప్పకుండా రావడానికి పలకను మీరు ఏ కోణంలో పట్టుకున్నారో అదే ఆ బ్లేడు దారి. పలక అంచు వెంట బల్ల మీద పెన్సిలు గీత గీసి, ఫెన్స్‌ను దానికి సమాంతరంగా బిగించండి.

ఆ కోణం కంటికి కొట్టొచ్చినట్టు ఉంటే ఫెన్స్ వంచకండి. బ్లేడు మొద్దుబారింది, లేదా ఒక పక్క పండ్లు దెబ్బతిన్నాయి.

11. ఒక పరీక్ష కోత

100 మి.మీ. ఎత్తున్న పొడి చెక్కను నిలబెట్టి 3 మి.మీ. మందం పలక చీల్చండి. పైన, నడుమ, కింద మందం కొలవండి. పైన, కింద తేడా ఉంటే బల్ల చూసుకోండి. నడుమ ఒక్కటే ఎక్కువ, తక్కువ ఉంటే లోపలికి పోయాక బ్లేడు విల్లులా వంగింది. దాని సంగతి కింద ఉంది.

12. ఏ లోపానికి ఏది చూడాలి

కోత పక్కకు పోతోంది. వరస: పండ్ల పదును, టెన్షన్, ట్రాకింగ్, ఫెన్స్, గైడ్లు. ఇంతదాకా బాగా కోసి, ఒక్కసారిగా గుంజడం మొదలైతే మేకు తగిలిందని అర్థం. ఒక పక్క పండ్ల కొసలు విరిగితే బ్లేడు పదునున్న రెండో పక్కకే పోతుంది. దానికి సెట్టింగ్ లేదు, బ్లేడు మార్చాలి.

పలక నడుమ ఉబ్బు వస్తోంది. టెన్షన్ చాలదు, లేదా పండ్లు ఎక్కువున్న బ్లేడు, లేదా మీరు ఎక్కువ తోస్తున్నారు. మొదట తోయడం తగ్గించి చూడండి. అది ఖర్చు లేని పని.

టక్, టక్ అని చప్పుడు. వెంటనే ఆపండి. ప్లగ్ పీకి, అతుకు దగ్గర సుద్దతో గుర్తు పెట్టి, చేత్తో మెల్లగా తిప్పండి. గుర్తు గైడు దాటినప్పుడే తగిలితే అతుకు ఉబ్బింది. చక్రం ఒక్కో చుట్టుకూ తగిలితే టైరు మీద ముద్ద ఉంది, లేదా టైరు చీలింది. రెండూ కాకపోతే బ్లేడును విప్పి, పండ్ల గుంటల దగ్గర వెలుతురులో చూడండి. వెంట్రుక మందం బీట కనిపించినా ఆ బ్లేడు మళ్ళీ ఎక్కించవద్దు.

బ్లేడు జారి పడుతోంది. టైరు మీద పొట్టు, ట్రాకింగ్ లాక్ నట్ వదులు, చక్రాల తలం. ఇంకో కారణం మన చేతిలోనే ఉంది: వంపు కోస్తూ మధ్యలో ఆగి, మిషన్ నడుస్తుండగానే చెక్కను వెనక్కి లాగడం. సందులో ఇరుక్కున్న బ్లేడు చెక్కతో పాటే ముందుకు వస్తుంది. వెనక్కి రావలసి వస్తే మిషన్ ఆపాక రండి. ఇంకా మంచిది, వంపు కోసే ముందే పక్కల నుంచి చిన్న చిన్న కోతలు పెట్టుకుంటే వృథా ముక్కలు వాటంతటవే ఊడిపోతాయి.

మాడిన వాసన, నల్లటి చారలు. మొద్దు పండ్లు, జిగురు పట్టిన బ్లేడు, వెడల్పు బ్లేడుతో చిన్న వంపు. బ్లేడును తీసి కిరోసిన్‌లో ముంచిన బట్టతో పండ్ల మొదళ్ళు తుడవండి. సగంసార్లు పదును బాగానే ఉంటుంది, జిగురే అడ్డం.

మిషన్ వణుకుతోంది. ముందు వి-బెల్టు చూడండి. నెలరోజులు నడవకుండా ఉంటే బెల్టు పుల్లీ మీద ఉన్నచోట వంపు నిలిచిపోతుంది. కాసేపు నడిస్తే తగ్గితే అదే. తగ్గకపోతే పుల్లీ స్క్రూ, మోటారు బోల్టులు, కాళ్ళ కింద నేల.

బ్లేడులు తరచుగా తెగుతున్నాయి. తెగినచోటు చూడండి. ప్రతిసారీ అతుకు దగ్గరే అయితే అతుకు తప్పు. వేరేచోట్ల తెగితే వెనక బేరింగ్ ఆనుకోవడం, పక్క గైడ్లు నొక్కడం, చిన్న చక్రానికి మందం బ్లేడు వేయడం, పని అయ్యాక టెన్షన్ తీయకపోవడం, ఈ నాలుగింటిలో ఒకటి.

13. కరెంటు, వేగం

చెక్క కోతకు బ్లేడు నిమిషానికి 900 మీటర్ల దగ్గర నడిస్తే బాగుంటుంది. 1,440 ఆర్‌పీఎం మోటారుకు 4.5 అంగుళాల పుల్లీ, చక్రం ఇరుసుకు 8 అంగుళాల పుల్లీ పెడితే చక్రం 810 చుట్లు తిరుగుతుంది. 14 అంగుళాల చక్రానికి అది 905 మీటర్లు.

ఊళ్ళలో సాయంత్రం పూట లైన్ చివర ఉన్న ఇళ్ళకు వోల్టేజ్ పడిపోతుంది. ఇలాంటి మోటారు బలం వోల్టేజ్ వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 230 ఉండవలసిన చోట 180 వస్తే బలం 60 శాతమే మిగులుతుంది. చెక్క మధ్యలో మిషన్ ఆగిపోతే బ్లేడునో, బెల్టునో తిట్టేముందు మీటరు పెట్టి చూడండి. పొడుగు వైరు వాడితే 2.5 చదరపు మి.మీ. రాగి వైరు వాడండి, చుట్టను పూర్తిగా విప్పండి. మూడో పిన్ను నిజంగా ఎర్త్ గుంత దాకా పోతోందా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

14. పొలం గట్టు కర్ర

నల్లగొండ, పాలమూరు దిక్కు ఇంటి మిషన్ల మీదికి వచ్చే వేప, తుమ్మ మొద్దులు చాలావరకు పొలం గట్టు చెట్లవే. ఆ చెట్లకే కంచె తీగ చుట్టి ఉంటారు, మేకులు కొట్టి ఉంటారు. చెట్టు లావెక్కేకొద్దీ తీగ లోపలికి పోయి, పైన బెరడు మూసుకుంటుంది.

దేవరకొండ రోడ్డు మీది ఒక చెలక నుంచి వచ్చిన వేప మొద్దును నేను పైన చూసి, శుభ్రంగా ఉందని కోశాను. నాలుగు అంగుళాలు పోయాక కీచుమని చప్పుడు, సన్నటి నిప్పురవ్వ. విప్పి చూస్తే పచ్చి కర్ర నడుమ ముళ్ళకంచె తీగ, దాని చుట్టూ అరచేతి మందాన నీలం నలుపు మరక. వారం కిందటి కొత్త బ్లేడు పండ్లు నున్నగా అయిపోయాయి.

ఆ మరకనే ఇప్పుడు ముందుగా వెతుకుతాను. మొద్దు రెండు కొసలూ సన్నగా కొత్తగా కోసి, నీళ్ళతో తుడిచి చూడండి. ఇనుము ఉంటే నల్లటి చార కొస దాకా పాకి ఉండవచ్చు. బెరడు తప్పకుండా చెక్కేయండి, దానిలో ఇసుక, మట్టి ఉంటాయి. గట్టి అయస్కాంతం పై పొరలోని మేకునే పడుతుంది, లోతున్నది పట్టదు. పాత ఇంటి దూలాలు, వాసాలు, తలుపు చెక్కలకైతే చిన్న మెటల్ డిటెక్టర్ కొనుక్కోవడం నయం.

గుండ్రటి మొద్దును బల్ల మీద అట్లాగే పెట్టి కోయవద్దు. పన్ను తగలగానే దొర్లి చేతిని లాగుతుంది. ఒక తిన్నని పలకకు మొద్దును స్క్రూలతో బిగించి, పలకను ఫెన్స్ వెంట తోయండి. స్క్రూలు కోత దారిలో లేకుండా చూసుకోండి. వేళ్ళు ఎప్పుడూ బ్లేడుకు ఎదురు గీతలో ఉండకూడదు. చివరి నాలుగు అంగుళాలు తోపుడు కర్రతోనే.

15. పని ముగించేటప్పుడు

కోసి కోసి వేడెక్కిన బ్లేడు రాత్రి చల్లారి కురచబడుతుంది. టెన్షన్ అట్లాగే ఉంటే ఆ గుంజుడంతా బ్లేడు, టైరు, ఇరుసు మీదే పడుతుంది. అందుకని:

☐ ప్లగ్ పీకాను
☐ టెన్షన్ నాబ్ ఎన్ని చుట్లు వదులు చేశానో లెక్కపెట్టుకున్నాను
☐ రెండు చక్రాలు, కింది గైడు బ్రష్‌తో తుడిచాను
☐ డోర్ల లోపలి పొట్టు ఎత్తేశాను. మోటారు దగ్గర అస్సలు ఉండకూడదు
☐ వానాకాలమైతే బ్లేడుకు మైనం రాశాను

తర్వాత ఒక అట్టముక్క మీద "టెన్షన్ లూజు, 4 చుట్లు" అని రాసి స్విచ్‌కు వేలాడదీయండి. మరుసటి రోజు మిషన్ దగ్గరికి వచ్చేది మీ అబ్బాయి అయినా, పక్కింటి వడ్లాయన అయినా, ఆ అట్ట తీస్తే తప్ప బటన్ నొక్కలేనట్టు కట్టండి.